పదో తరగతి, ఐదున్నర బస్సు

సంక్రాంతికి ఊరెళ్ళడం, పదో తరగతి బ్యాచ్ మీటింగు పెట్టుకోవడం మనవాళ్ళకి ఈమధ్య బాగా అలవాటైపోయింది. ఒక ఫ్లెక్సీ, పాత మాస్టార్లకి శాలువాలు, గ్రూపు ఫోటో, మధ్యాహ్నం బిర్యానీ. మేమూ 2024లో పెట్టుకున్నాం. మాది పల్నాడులో ఒక మండల కేంద్రం, జిల్లా పరిషత్ హైస్కూలు, 1996 బ్యాచ్. తలా కొంత వేసుకుని బడికి ఒక ప్రొజెక్టరు కొనిచ్చి, చప్పట్లు కొట్టించుకుని వచ్చాం.

ఆ ప్రొజెక్టరు ఇవాళ్టికీ బీరువాలోనే ఉంది. ఎందుకంటే అప్పటికే నాడు-నేడు కింద క్లాసురూములో పెద్ద టచ్ స్క్రీను పెట్టేశారు. మేం చూళ్ళేదా అంటే చూశాం, దాని ముందు నిలబడి ఫోటో కూడా దిగాం :-). ఆఫీసులో రిక్వైర్‌మెంటు సరిగ్గా రాసివ్వకుండా ఒక బటన్ రంగు మార్చమంటే కయ్యిమని లేస్తామే, ఇక్కడ మాత్రం యూజర్ని ఒక్క ముక్క అడక్కుండా డైరెక్టుగా ప్రొడక్షన్‌లో పెట్టేశాం.

మేం అడక్కపోయినా హెచ్చెమ్ మేడమ్ ఆవేళే చెప్పారు. "ప్రొజెక్టరు సంతోషమేనండీ. కానీ మా టెన్త్ ఆడపిల్లలు కొంతమంది సాయంత్రం స్టడీ అవర్‌కి ఉండలేకపోతున్నారు. ఐదున్నర బస్సు పోతే మళ్ళీ రాత్రి ఎనిమిదికే. దానికేమన్నా చెయ్యగలరా?" అన్నారు. అందరం బుర్రలూపాం. తర్వాత ఆవిడకి శాలువా కప్పాం.

సిటీలో చదువుకున్నవాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను. మా బడుల్లో పదో తరగతి జూన్‌లో మొదలవదు. సిలబస్ అయ్యాక, డిసెంబరు ప్రాంతంలో మొదలవుతుంది. పొద్దున్న బడికి ముందు ఒక గంట, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా. అసలు చదువంతా అక్కడే. పగలు క్లాసులో నోరెత్తడానికి భయపడేవాడు కూడా సాయంత్రం చెట్టు కింద మాస్టారి పక్కన కూర్చుని "సార్, ఈ లెక్క మళ్ళీ ఒకసారి" అంటాడు. మా రోజుల్లో 11 పేపర్లు, 600 మార్కులు. మార్చి వచ్చేసరికి మగపిల్లలం రాత్రిళ్ళు కూడా బళ్ళోనే పడుకునేవాళ్ళం. బెంచీలు పక్కకి జరిపి దుప్పట్లు పరుచుకోవడం, తెల్లవారుజామున నాలుగింటికి లేవడం... సగం టైము దెయ్యాల కథలకే పోయేదనుకోండి. అయినా నాకు త్రికోణమితి వంటబట్టింది మాత్రం ఆ రాత్రుల్లోనే. పక్క దుప్పటివాడు నాకంటే తెలివైనవాడు, నా నోట్సులో బొమ్మ గీసి చూపించాడు.

ఆ రాత్రుల్లో ఒక్క ఆడపిల్ల కూడా లేదన్న సంగతి నాకు నలభై దాటాక తట్టింది. తొమ్మిదో తరగతి దాకా మా క్లాసు ఫస్టు ఒక అమ్మాయిది. ఆరు కిలోమీటర్ల అవతల పల్లె. టెన్త్‌లో సాయంత్రం బెల్లు కొట్టగానే బస్సుకి పరిగెత్తేది. పబ్లిక్ పరీక్షల్లో లెక్కల్లో నాకంటే ఇరవై మార్కులు తక్కువ వచ్చాయి. నేనేమో ఇన్నేళ్ళూ "కష్టపడి పైకొచ్చాను" అని చెప్పుకు తిరిగాను. మా వాట్సాప్ గ్రూపులో ఆ అమ్మాయి లేదు. నంబరు ఎవరి దగ్గరా లేదు.

టెన్త్ మార్కులు ఎవడిక్కావాలి, తర్వాత ఎంసెట్టో ఇంకోటో ఉంటుంది కదా అంటారేమో. 2008లో పెట్టిన ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీల్లో సీటొచ్చేది పదో తరగతి మార్కులతోనే. సర్కారు బడి పిల్లలకి 4 శాతం డిప్రైవేషన్ స్కోరు కూడా కలుపుతారు. ఆరేళ్ళ చదువు, చివర్న బీటెక్. పల్లెటూరి పిల్లకి అంతకన్నా దగ్గరి దారి నాకైతే కనపడదు. ఆ దారి ఐదున్నర బస్సు దగ్గర తెగిపోతే ఎలా?

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి వచ్చింది, ఆడవాళ్ళకి టికెట్టు లేదు. మంచిదే, కాదనను. కానీ ఆరున్నరకి బస్సే లేనప్పుడు జీరో టికెట్టు ఏం చేసుకుంటారు? వేళ మార్చమని డిపోలో అర్జీ ఇచ్చాం. "చూస్తాం" అన్నారు.

అందుకని 2024 డిసెంబరులోనే నలుగురం కలిసి ఒక ఆటో మాట్లాడాం. రెండు పల్లెలు, పదకొండు మంది అమ్మాయిలు, రెండు ట్రిప్పులు. నెలకి ఎనిమిది వేలు. నాలుగు నెలలకి లెక్కేస్తే ప్రొజెక్టరు ఖరీదులో సగం కూడా కాలేదు.

గ్రూపులో గొడవ జరగకుండా ఉంటుందా! ఎడిసన్‌లో ఉండే మావాడు "అది గవర్నమెంటు పని రా, మనం చేస్తే వాళ్ళు ఎప్పటికీ చెయ్యరు" అన్నాడు. నిజమే. మరి ప్రొజెక్టరు కొన్నప్పుడు ఆ మాట గుర్తురాలేదేంరా అన్నాను. ఇంకొకడు "ఇది స్కేల్ అవ్వదు" అన్నాడు. అవ్వక్కర్లేదు బాబూ, పదకొండు మంది ఇంటికి చేరితే చాలు. మూడోవాడి ప్రశ్న మాత్రం గట్టిది: దారిలో ఏమన్నా జరిగితే బాధ్యత ఎవరిది? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. డ్రైవరు లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితాలు చూశాం. ప్రతి ట్రిప్పులో పిల్లల తల్లుల్లో ఒకరు కూర్చుంటారు. ఆ ఏర్పాటు మాకు తట్టింది కాదు, తల్లులే చెప్పారు.

మీరు ఈసారి ఊరెళ్తే, ఫ్లెక్సీ ఆర్డరిచ్చే ముందు హెచ్చెమ్‌కి ఒక ఫోన్ కొట్టండి. ఆఖరి బస్సు ఎన్నింటికో అడగండి. మీ ఊళ్ళో సమస్య బస్సే కాకపోవచ్చు, లెక్కల మాస్టారి పోస్టు ఖాళీగా ఉండొచ్చు, బాత్రూముకి నీళ్ళు లేకపోవచ్చు. వాళ్ళకి తెలుసు, మనకి తెలీదు.

మా మేడమ్ అయితే మొన్న ఇంకోటి అడిగారు. మధ్యాహ్నం పన్నెండున్నరకి తిన్న పిల్లలు రాత్రి ఏడింటి దాకా ఖాళీ కడుపుతోనే ఉంటున్నారట, ఉడకబెట్టిన శనగలు ఇవ్వగలరా అని. ఆడా మగా కలిపి అరవై రెండు మంది. ఆ లెక్క వేస్తున్నాం.