డ్రమ్ము నిండితే సరిపోదు: సూరత్ ఇంటి తోటలకు వాన నీటి లెక్క

సూరత్‌లో ఏడాదికి సగటున 1,200 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడుతుంది. అందులో తొంభై శాతానికి పైగా జూన్ - సెప్టెంబర్ నెలల మధ్యే కురిసిపోతుంది. ఆ రోజుల్లో డాబా మీది కుండీలకు నీళ్లు పోసే పని పెద్దగా ఉండదు. మొక్కలు వాడిపోయేది ఆ తర్వాతి ఎనిమిది నెలల్లో, అందులోనూ మార్చి నుంచి మే దాకా. ఇంటి తోటకు వాన నీరు దాచుకోమని సలహా ఇచ్చేవారు ఈ సంగతి పట్టించుకోకుండా, డాబా గొట్టం కింద ఒక డ్రమ్ము పెడితే చాలన్నట్టు చెబుతుంటారు.

కాస్త లెక్క వేసి చూద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఆ ప్రకారం 50 చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి 60,000 లీటర్లు పడతాయి. ఆవిరైపోయేది, చిందిపోయేది ఐదో వంతు అనుకున్నా 48,000 లీటర్లు మిగులుతాయి. ఇరవై కుండీలకు రోజుకు లీటరు చొప్పున పోస్తే 200 లీటర్ల డ్రమ్ము పది రోజుల్లో ఖాళీ. వానాకాలంలో మధ్యమధ్య వచ్చే ఎండ రోజులను గట్టెక్కించడానికి అది పనికొస్తుంది, అంతే. ఎనిమిది నెలలకు దాదాపు 4,800 లీటర్లు కావాలి. అది డాబా ఇచ్చే నీటిలో పదో వంతు మాత్రమే. వానకు లోటు లేదు, దాచే చోటుకే లోటు.

మొక్కలకు ఈ నీరు మంచిదనడానికి కారణం ఉంది. సముద్రానికి దగ్గరి ప్రాంతాల్లో బోరు నీటిలో లవణాలు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. కుండీలో నీరు ఆవిరైపోయినా ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది. ఆకుల అంచులు మాడిపోవడానికి చాలాసార్లు అదే కారణం. వాన నీటిలో లవణాలు చాలా తక్కువ. అయితే తొలి వాన డాబా మీది దుమ్మును, పక్షుల రెట్టలను కడిగి తెస్తుంది కాబట్టి దాన్ని వదిలేయాలి. 50 చదరపు మీటర్లకు మొదటి వంద లీటర్లు పోనిస్తే చాలు.

అసలు చిక్కు దోమలతో. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా ఎదగడానికి వెచ్చని వాతావరణంలో వారం పది రోజులు చాలు. అది గుడ్లు పెట్టేది నీటి మట్టానికి కాస్త పైన, పాత్ర గోడకు. నీరు పారబోసినా అవి నెలల తరబడి ఎండి బతికే ఉంటాయి, అందుకే డ్రమ్మును తోమి కడగాలి. 1994లో ప్లేగు చూసిన నగరమిది. ఇంటింటికీ తిరిగి దోమ పిల్లల కోసం వెతికే ఆరోగ్య సిబ్బందికి మూతలేని డ్రమ్ములు తలనొప్పే.

గుజరాత్ పాత ఇళ్లకు ఈ సమస్య కొత్త కాదు. అహ్మదాబాద్ పోళ్లలోనూ, పోర్‌బందర్‌లో గాంధీ పుట్టిన ఇంట్లోనూ నేల కింద టాంకాలు ఉన్నాయి. వెలుతురు సోకని చోట నాచు పెరగదు, మూత బిగువుగా ఉంటే దోమ దూరదు. ఇప్పటి ప్లాస్టిక్ ట్యాంకుకూ అవే సూత్రాలు వర్తిస్తాయి: ముదురు రంగు, బిగువైన మూత, పొంగు నీటి గొట్టానికి సన్నని జాలీ. ఐదు వేల లీటర్లంటే ఐదు టన్నుల బరువు. ఇంజనీరును అడగకుండా దాన్ని డాబా మీద పెట్టకూడదు.

2024 సెప్టెంబర్ 6న సూరత్‌లోనే 'జల్ సంచయ్ జన్ భాగీదారీ' మొదలైంది. గుజరాత్ అంతటా దాదాపు 24,800 వాన నీటి నిర్మాణాలు కట్టాలన్నది లక్ష్యం. భూగర్భజలం పెంచడం మంచి పనే. కానీ భూమిలోకి ఇంకిన నీరు తిరిగి కుండీకి రావాలంటే బోరు, మోటారు, కరెంటు కావాలి. ఇంటి తోటకు కావలసిన పదో వంతును ముందు ట్యాంకులో పట్టి, మిగిలినదాన్ని ఇంకుడు బావికి పంపడమే మేలు.

లింబాయత్, ఉధనా వైపు తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన నేత కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇరుకు గదుల్లో అద్దెకుండే వారికి ఐదు వేల లీటర్ల ట్యాంకు ఎవరికి వారు పెట్టుకునేది కాదు. భవనానికంతా కలిపి మూసిన సంపు ఒకటి ఉంటే గుమ్మం ముందరి కరివేపాకు, గోంగూర కుండీలకూ వాటా దక్కుతుంది. దాన్ని కట్టాల్సింది ఇంటి యజమానులు, అడగాల్సింది నగరపాలక సంస్థ. ఆ సంపు సెప్టెంబర్ చివరి వానలకు నిండుగా ఉండాలి. ఆ తర్వాత మళ్లీ నింపే వాన జూన్‌లోనే.