వరి పోలేదు గదా!

గతమాసమున మన సంఘపు అరుగుపై విత్తనముల ప్రసంగము వచ్చినపుడు ఒక వృద్ధరైతు మమ్ము నిట్లడిగెను: "అయ్యా! జీవవైవిధ్యమని మీరు పలుమారు చెప్పుచున్నారు. అది అడవులకు, పులులకు చెందిన మాట గదా! మన మాగాణికి దానితో నేమి పని? మా నాయన ఆరు రకముల వడ్లు చల్లెడివాడు. నేను ఒక్కటే చల్లుచున్నాను. అయినను వరి పోలేదు గదా?" అచ్చట నున్నవారు నవ్విరి. మేమును నవ్వితిమి. కాని యింటికి వచ్చిన పిదప ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. అందు రెండు పొరపాట్లు కలవని మా యభిప్రాయము. ఆ రెంటికిని మావంటి బోధకులే కొంత కారకులు.

మొదటి పొరపాటు జాతికిని రకమునకును గల భేదము నెరుగకపోవుట. 1753లో లిన్నేయస్ పండితుడు మొక్కలకు రెండేసి మాటల పేర్లుంచి గొప్ప పట్టిక ప్రకటించెను. నాడు ముఖ్యముగా రూపమును బట్టియే జాతి నిర్ణయము జరిగెడిది. 1942లో ఎర్నెస్ట్ మేయర్ అను శాస్త్రజ్ఞుడు వేరొక కొలత చూపెను: సహజముగా తమలో తాము కలిసి, సంతానము గని, ఆ సంతానము మరల సంతానవంతమగుచుండునేని ఆ సమూహమెల్ల నొక జాతి. ఇది రైతునకు క్రొత్త సంగతి కాదు. ఆవును గేదెయు ఒక్క పాకలో నున్నను వానికి కలిసి దూడ పుట్టదు. గుఱ్ఱమునకు గాడిదకు కంచరగాడిద పుట్టును గాని, అది గొడ్డు. ఒంగోలు ఆవునకు జెర్సీ బీజమువలన పుట్టిన పెయ్య మాత్రము పెరిగి మరల ఈనుచున్నది.

ఈ కొలతయు అన్నిచోట్ల చెల్లదు. మూపురము గల పశువులను, లేనివానిని వేర్వేరు జాతులుగా లెక్కించు పండితులు నేటికిని కలరు. పిలకల వలననే వ్యాపించు తోట అరటికి ఈ పరీక్ష యెట్లు పెట్టవలెను? కుంటలలోను, చెరువుల యంచులను మొలచు నివ్వరిని వేరుజాతిగా వ్రాసిరి. అయినను అది మన వరితో కలియును, ఆ సంకరమునకు గింజయు పట్టును. కావున జాతుల నడుమ గట్టు కొన్నిచోట్ల ఎత్తుగా నుండును, కొన్నిచోట్ల దానిమీదుగా నీరు పొరలును.

ఇక మన వృద్ధరైతు మాటకు వత్తము. జాతుల పట్టికలో మన వరి యొక్క పద్దు మాత్రమే. మొలగొలుకులు, అక్కుళ్ళు, కొణామణులు, గరికసన్నాలు, కాకిరెక్కలు అన్నియు ఆ యొక్క పద్దులోనివే. వానిలో నూరు రకములు నశించినను ఆ పద్దు చెరగదు. "వరి పోలేదు" అనుట నిజమే. కాని సంఘపు లెక్కలో సభ్యుని పేరుండి, అతని నిలువ సున్నయైనచో అతనిని ధనవంతుడని యందుమా?

ఆ నిలువ యెట్టిదో రెండు నిదర్శనములు చూడుడు. వరిని గడ్డిదుబ్బువలె గిడసబార్చు వైరసు తెగులొకటి పూర్వము ఆసియా దేశములలో ప్రబలెను. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు 6,000కు పైగా నమూనాలు పరీక్షింపగా, మన ఉత్తరప్రదేశ్ నుండి వెళ్ళిన నివ్వరి యొక్కటియే దానికి తట్టుకొనెను. 1976లో వెలువడిన ఐ.ఆర్. 36 రకమునకు ఆ బలమే వచ్చినది. ఇక బాపట్లలో పుట్టి 1986లో విడుదలయైన సాంబ మసూరిని ఎరుగనివారు లేరు. బ్యాక్టీరియా ఎండాకు తెగులునకు అది లొంగిపోవును. హైదరాబాదు శాస్త్రజ్ఞులు మూడు జన్యువులను చేర్చి, ఆ తెగులును తట్టుకొను సాంబ మసూరిని 2008లో వెలువరించిరి. ఆ మూడింటిలో నొకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిది. అచ్చటి రైతులెవరైన దానిని పనికిరాని గడ్డియని మూలముట్టుగ పెరికియుండినచో మనకు ఆ మేలు కలిగెడిదా?

రెండవ పొరపాటు, ఈ సంపద యెక్కడనో దూరపు టడవులలో నున్నదనుట. 1988లో నార్మన్ మైయర్స్ చూపిన మార్గమున పండితులు నేడు లోకమున 36 జీవసంపన్న ప్రదేశముల నేర్పరచిరి. వానిలో మిగిలిన సహజవనము భూభాగమున నూటికి రెండున్నర వంతులే యైనను, లోకములోని మొక్కల జాతులలో సగమునకు పైగా అచ్చట తప్ప మరెక్కడను లేవు. మన దేశమునకు చెందినవి నాలుగు: హిమాలయములు, పడమటి కనుమలు, బర్మా సరిహద్దు ప్రాంతము, నికోబారు దీవులు. తూర్పు కనుమలు ఆ పట్టికలో లేవు. ఐనను ఎఱ్ఱచందనము సహజముగా పెరుగునది ఈ కనుమల దక్షిణ భాగముననే. నశించినదని తలచిన కలివికోడి 1986లో మరల కనబడినది కడపజిల్లాలోనే. మరియు, పైరుల సంపద యడవులలో కంటె పాత సేద్యములలోనే దట్టముగా నుండును. మన పొరుగుననే యున్న ఒరిస్సా జయపురపు కొండలలో 1955–59 నడుమ వెదకగా 1,700కు పైగా వరి నమూనాలు దొరకినవి. వానిని కాపాడినవారు కొండరైతులు.

ఇచ్చట మా తప్పును ఒప్పుకొనవలెను. ఉద్యోగమున చేరిన తొలి యేండ్లలో మేము ఊరూర తిరిగి "పాతవడ్లు మానుడు" అని బోధించితిమి. దిగుబడులు పెరిగినవి, అందుకు మేము చింతింపము. కాని "సోలెడు గింజలు దాచుకొనుడు" అని యొక్కనాడును చెప్పమైతిమి. కొన్నియేండ్లకు ఒక పల్లపు గ్రామమున, ముంపునకు ఆగెడి పాతరకము కొఱకు వెదకితిమి. దాని పేరు మాత్రము ముసలివారి నోట మిగిలియుండెను.

ఢిల్లీ జాతీయ జన్యునిధిలో విత్తనములు భద్రముగా నున్నవి గదా యని కొందరందురు. ఉండవలసినదే. అచ్చట విత్తనము చలిలో నిద్రించును. మన మడిలో నది యేటేట క్రొత్త తెగులును, క్రొత్త యెండను ఎదుర్కొని నేర్చును. పాతరకముల దిగుబడి తక్కువ యనువారికి మా మనవి యిది: పొలమంతయు చల్లుమని మేము చెప్పము. సంఘము అరయెకరము ప్రత్యేకించి, పది రకములను అయిదేసి సెంట్లలో పండించినచాలును. వరి పువ్వు చాలవరకు తన పుప్పొడితోనే ఫలించును గనుక, సజ్జవలెను మొక్కజొన్నవలెను దూరదూరమున నాటనక్కర లేదు. మడికొక పేరుపలక, బేళ్ళు వేరుచేయుట, విత్తనము సభ్యులకు పంచుట, ఇంతమాత్రమే పని.

విత్తనము దాచుకొనుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు రైతునకు గల హక్కును 2001 సంవత్సరపు చట్టము స్థిరపరచినది. 2002 చట్టము ప్రకారము పంచాయతీలో జీవవైవిధ్య సంఘమును, ప్రజల పట్టికయు నుండవలెను. ఆ పట్టికలో మీ ఊరి వడ్ల పేర్లు వ్రాయబడెనా యని అడుగుడు. పేర్లు చెప్పగల వృద్ధులు జీవించియుండగనే వ్రాయింపుడు. రాబోవు సర్వసభ్య సమావేశమున అరయెకరము తీర్మానమును సభ్యులు చర్చింపవలెనని కోరుచున్నాము.