మనం ఎలుకకు బాకీ

ఈ ఏడు మా తెలుగు తరగతి చర్చాపోటీకి అంశాన్ని పిల్లలే ఎంచుకున్నారు: “మందుల కోసం జంతువుల మీద ప్రయోగాలు ఆపెయ్యాలి.” ఆపాలనే జట్టుకు బోలెడు చేతులు లేచాయి. వద్దనే జట్టుకు ఇద్దరిని బతిమాలి కూర్చోబెట్టాం. ఆపాలన్న జట్టులో ఒక అమ్మాయి అందరికంటే బాగా మాట్లాడింది. ఎలుకకూ నొప్పి ఉంటుంది, మన జబ్బులకు అదెందుకు బాధపడాలి అంది. చప్పట్లు మోగాయి.

గంట కొట్టాక ఆ అమ్మాయే బల్ల దగ్గరికి వచ్చింది. “మేడమ్, మా అమ్మమ్మకు కీళ్లవాతం. వేళ్లు వాచిపోయి జడ కూడా వేసుకోలేకపోయేది. రెండు నెలలకోసారి ఆస్పత్రిలో సెలైన్‌లా ఒక మందు ఎక్కిస్తున్నారు. ఇప్పుడు మళ్లీ పూలు కడుతోంది. ఆ మందు కూడా ఎలుకల మీద చూసిందేనా?” అని అడిగింది. మర్నాడు మందు పేరు కాగితం మీద రాసుకొచ్చింది: ఇన్‌ఫ్లిక్సిమాబ్.

అవునన్నాం. కానీ ఆ పిల్ల మొహం చూశాక ఆ ఒక్క మాటతో వదిలేయడం న్యాయం అనిపించలేదు.

ఆ మందు కథలో మన పిల్లలకు నచ్చే మనిషి ఒకరున్నారు. రవీందర్ మైనీ 1937లో లూధియానాలో పుట్టారు. బాల్యం ఉగాండాలో గడిచింది, డాక్టరయ్యింది ఇంగ్లండులో. ఊళ్లు మారుతూ చదివిన పిల్లవాడన్నమాట, మీలాగే. లండన్‌లో ఆయనా, మార్క్ ఫెల్డ్‌మన్ అనే మరో శాస్త్రవేత్తా కీళ్లవాతం మీద కలిసి పనిచేశారు. ఈ జబ్బులో మనల్ని కాపాడాల్సిన రక్షణ కణాలే మన కీళ్ల మీద పడతాయి. కీలు వాస్తుంది, ఎర్రబడుతుంది, చివరికి ఎముక అరిగిపోతుంది. రోగుల కీళ్ల నుంచి తీసిన కణజాలాన్ని గాజు పళ్లెంలో పెంచి చూస్తే, టీఎన్ఎఫ్ అనే ఒక్క ప్రోటీన్‌ను అడ్డుకుంటే వాపును రేపే మిగతా పదార్థాలు కూడా తగ్గుతున్నాయని 1989 నాటికి వాళ్లకు తెలిసింది. మొదటి ఆధారం దొరికింది మనిషి కణాల్లోనే, ఎలుకలో కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

అయితే గాజు పళ్లెం నడవదు, దానికి జ్వరం రాదు. పైగా టీఎన్ఎఫ్ క్రిముల నుంచి మనల్ని కాపాడే ప్రోటీన్ కూడా. దాన్ని అడ్డుకుంటే ఒళ్లంతా ఏమవుతుందో పళ్లెం చెప్పలేదు. అందుకని ఎలుకల దగ్గరికి వెళ్లారు. మృదులాస్థిలో ఉండే కొల్లాజెన్‌ను ఎలుకకు సూదితో ఎక్కిస్తే, దాని రక్షణ కణాలు దాని కీళ్ల మీదకే తిరగబడతాయి. కాళ్లు వాస్తాయి, కుంటుతుంది. దానికి నొప్పి లేదని ఎవరైనా అంటే నమ్మకండి. అలా జబ్బుపడ్డ ఎలుకలకు టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందు ఇస్తే వాపు తగ్గింది, కీళ్లు అరగడం తగ్గింది. ఇది 1992లో వెలువడింది. అదే ఏడాది లండన్‌లో తొలిసారి రోగులకు ఆ మందు ఇచ్చారు. ఇరవైమందితో చేసిన ఆ పరీక్ష ఫలితాలు మరుసటి ఏడాది అచ్చయ్యాయి.

ఇన్‌ఫ్లిక్సిమాబ్‌లో టీఎన్ఎఫ్‌ను పట్టుకునే కొస ఎలుక యాంటీబాడీ నుంచి తీసుకున్నదే. మిగిలినది మనిషిది. ఆ మాట చెప్పినప్పుడు అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు.

ఇక్కడితో ఆపేస్తే మేము వద్దనే జట్టు తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టే. కాదు. ఎలుక తప్పుదోవ పట్టించిన చోటు కూడా చెప్పాలి.

గాయం మానాక చర్మం మీద మచ్చ గట్టిపడుతుంది కదా, కొన్ని జబ్బుల్లో ఊపిరితిత్తి లోపల అలాంటి మచ్చ కడుతూనే పోతుంది. ఫైబ్రోసిస్ అంటారు. కారణం తెలియకుండా వచ్చే రకం ఎక్కువగా అరవై దాటినవాళ్లలో కనిపిస్తుంది. మెత్తగా ఉండాల్సిన ఊపిరితిత్తి గట్టిపడి, నాలుగు మెట్లెక్కినా ఆయాసం వస్తుంది. దీన్ని ఎలుకలో పుట్టించడానికి బ్లియోమైసిన్ అనే క్యాన్సర్ మందును ఊపిరిగొట్టంలో వేస్తారు. రెండు మూడు వారాల్లో మచ్చ కడుతుంది. చిక్కు ఎక్కడంటే, పడుచు ఎలుకలో ఆ మచ్చ చాలావరకు తనంతట తానే మానిపోతుంది. తాతయ్య ఊపిరితిత్తిలో అది మానదు. పైగా ఎన్నో ప్రయోగాల్లో కొత్త మందును మొదటి వారంలోనే, ఇంకా వాపు దశలో ఉండగానే ఇచ్చేవారు. మచ్చ కట్టకముందే ఇచ్చి మచ్చ ఆగిందని రాశారు. రోగి డాక్టరు దగ్గరికి వచ్చేది మచ్చ కట్టాక. ఎలుకలో గెలిచిన మందులు మనిషిలో వరసగా ఓడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

వాపును అణిస్తే మచ్చ ఆగుతుందనే నమ్మకం డాక్టర్లలోనూ చాలాకాలం ఉంది. అందుకోసం వాడే మూడు మందుల కలయికను అమెరికాలో సరిగ్గా పరీక్షించి చూస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికంటే అసలు మందులు వేసుకున్నవారిలోనే మరణాలు ఎక్కువయ్యాయి. పరీక్షను మధ్యలో ఆపాల్సి వచ్చింది. 2012లో ఆ సంగతి అచ్చయింది. ఇప్పుడు వాడుతున్న పిర్ఫెనిడోన్, నింటెడానిబ్‌లకు అమెరికాలో అనుమతి వచ్చింది 2014లో. అవి ఎలుకల్లోనూ పనిచేశాయి, కాబట్టి ఎలుక ప్రతిసారీ అబద్ధమే చెప్పిందనడానికీ లేదు. కానీ ఆ మందులు జబ్బు నడకను నెమ్మది చేస్తాయంతే. కట్టిన మచ్చను కరిగించవు.

మరి మేము ఏ జట్టు? ఏ ప్రశ్నకు సమాధానం కావాలో చెప్పకుండా ఆపాలనడం, కొనసాగాలనడం రెండూ తేలికే. మనిషి కణాలతో, ఆపరేషన్‌లో తీసిన ఊపిరితిత్తి ముక్కలతో, చిప్‌ల మీద పెంచిన కణజాలంతో తెలిసేదానికి ఎలుకను కుంటించకూడదు. ఒళ్లంతా కలిసి ఏం చేస్తుందో తెలుసుకోవాల్సి వచ్చినప్పుడు వాడాలి. వాడినప్పుడు ఆ ప్రయోగం సరిగ్గా ఉండాలి. జబ్బుకు సరిపోని వయసు, సరిపోని రోజు ఎంచుకుని చేసిన ప్రయోగంలో ఎలుకా వృథా, దాన్ని నమ్మిన రోగీ వృథా. నొప్పి తగ్గించాలని మన దేశపు 1960 నాటి చట్టం చెబుతోంది. కాటుక, పౌడర్ల కోసం జంతువుల మీద పరీక్షలు 2014లో నిషేధించారు. అది మంచి పని.

కొన్ని జబ్బులకు ఎలుకను అడగాల్సిన అవసరమే లేదు. మీ నాయనమ్మలు పలక మీద రాసిన బలపాన్ని తలుచుకోండి. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో ఆ బలపాలు కోసిన కూలీల ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము చేరి మచ్చలు కట్టాయి. దాన్ని సిలికోసిస్ అంటారు. నయం చేసే మందు లేదు. రాకుండా ఆపడం మాత్రం ఎప్పటినుంచో తెలుసు: కోసేచోట నీళ్లు కొట్టడం, దుమ్మును లాగేసే యంత్రం పెట్టడం. మన దగ్గర రాళ్లు కొట్టేచోట, గ్రానైట్ కోసేచోట ఇవి ఉన్నాయో లేదో దారిలో బస్సు కిటికీలోంచి చూసినా తెలుస్తుంది. తెల్లగా దుమ్ము లేస్తూ ఉంటుంది. నీళ్ల పైపు పెట్టించకుండా మందు కోసం ఇంకో వెయ్యి ఎలుకల్ని జబ్బు చేయడం మాకు సిగ్గుగా తోస్తుంది.

ఇదంతా విని ఆ అమ్మాయి, “అయితే మా అమ్మమ్మ మందు తప్పు కాదు కదా మేడమ్?” అంది. తప్పు కాదన్నాం. బాకీ అన్నాం.

చర్చాపోటీ రెండో విడత వచ్చే నెలలో ఉంది. ఏ జట్టులో కూర్చుంటుందో ఇంకా చెప్పలేదు. అంశంలో మాటలు మార్చుకోవచ్చా అని మాత్రం అడిగింది. మార్చుకోమన్నాం.