దాన్ని వలస అనకండి

"వాళ్ళు వలస వచ్చినవాళ్ళండీ, మన అడవిని నరికేస్తున్నారు." గుత్తికోయల గురించి ఈ మాట విన్నప్పుడల్లా నాకు 'వలస' దగ్గరే అభ్యంతరం. పాలమూరు మనిషి కూలికోసం ముంబయి వెళితే అది వలస. 2005లో బస్తరులో సల్వాజుడుం మొదలయ్యాక, ఇటు జుడుం, అటు మావోయిస్టుల నడుమ నలిగి, తగలబడిన ఊళ్ళు వదిలి ఖమ్మం అడవులకు పరుగెత్తుకొచ్చినవారిది వలస ఎలా అవుతుంది? అది తరిమివేత.

పేరుతో ఏం పని అంటారేమో. పనంతా పేరుతోనే. దేశపు సరిహద్దు దాటితే శరణార్థులనేవారు. వీరు దాటింది రాష్ట్రపు సరిహద్దు, కనుక ఆ పేరూ దక్కలేదు.

2006 నాటి అటవీహక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుల భూమికే హక్కు. తరువాత వచ్చినవాడు ఆక్రమణదారు, వాడి గుడిసె పీకవచ్చు! కానీ ఆ తేదీకి ముందే పునరావాసం లేకుండా అక్రమంగా వెళ్ళగొట్టబడిన గిరిజనులకు ప్రత్యామ్నాయ భూమి ఇవ్వాలనీ అదే చట్టం చెబుతోంది. ఆ వాక్యం ఎవరికీ కనిపించదేం?

అడవి తరుగుతోందన్న బాధ నాకూ ఉంది. అయితే గిరిజన యువకులకు తుపాకులిచ్చి పోరులోకి దించడం రాజ్యాంగవిరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. తప్పు రాజ్యానిది, శిక్ష వీరికా?

తిరిగి వెళ్ళడమో, ఇంకొకచోట స్థిరపడడమో నిర్వాసితులే స్వేచ్ఛగా నిర్ణయించుకోవాలని ఐక్యరాజ్యసమితి 1998 నాటి మార్గదర్శక సూత్రాలు చెబుతున్నాయి. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు మన రాజ్యాంగమే ఇచ్చింది. ఉద్యోగం కోసం ఊరు విడిచిన నన్ను "మీ ఊరికి పో" అని ఎవరూ అనలేదు. నాకైతే వెళ్ళడానికి ఊరుంది కూడా.