వేరుపడి నిలిచిన అన్నదమ్ముల బ్యాండ్

తోబుట్టువులు కలిసి నడిపే సంగీత బృందానికి బలమూ బలహీనతా రక్తసంబంధమే. మామూలు బ్యాండ్‌లో పొసగని సభ్యుడు తప్పుకుంటే మరొకరు వస్తారు. అన్నదమ్ముల బ్యాండ్‌కు ఆ వెసులుబాటు ఉండదు. వేదిక మీది విభేదం ఇంటిదాకా వస్తుంది. అమెరికా పాప్ రాక్ బృందం జోనస్ బ్రదర్స్ రెండు దశాబ్దాల ప్రస్థానమే ఇందుకు నిదర్శనం.

న్యూజెర్సీకి చెందిన కెవిన్, జో, నిక్ ఒక పాస్టర్ కుమారులు. 2006లో వచ్చిన తొలి ఆల్బమ్ ఆదరణ పొందకపోవడంతో కొలంబియా రికార్డ్స్ వారిని వదులుకుంది. డిస్నీకి చెందిన హాలీవుడ్ రికార్డ్స్ చేరదీశాక దశ తిరిగింది. 2008లో ‘క్యాంప్ రాక్’ టీవీ చిత్రం వారిని ఇంటింటికీ పరిచయం చేసింది. అదే ఏడాది ‘ఎ లిటిల్ బిట్ లాంగర్’ ఆల్బమ్ బిల్‌బోర్డ్ 200 జాబితాలో అగ్రస్థానంతో అడుగుపెట్టింది. అయితే బుద్ధిమంతులైన అన్నదమ్ములన్న ముద్ర వారితోపాటు ఎదగలేదు.

2013 అక్టోబరులో పర్యటన ప్రారంభానికి కొద్ది రోజుల ముందు ప్రదర్శనలన్నీ రద్దయ్యాయి. నెలాఖరుకు బ్యాండ్ విడిపోయింది. ఆ ప్రతిపాదన ముగ్గురిలో చిన్నవాడైన నిక్‌దేనని, అది అన్నలను గాయపరిచిందని 2019 నాటి డాక్యుమెంటరీ ‘ఛేజింగ్ హ్యాపీనెస్’లో సోదరులే వెల్లడించారు.

అయినా ఆ ఎడబాటు వృథా పోలేదు. నిక్ ‘జెలస్’ పాటతోనూ, జో తన డీఎన్‌సీఈ బృందం పాడిన ‘కేక్ బై ది ఓషన్’తోనూ అమెరికా తొలి పది పాటల్లో చోటు సంపాదించారు. కెవిన్ వ్యాపారం, సంసారం వైపు మళ్లారు. 2019 మార్చిలో ముగ్గురూ మళ్లీ కలిసి విడుదల చేసిన ‘సక్కర్’ నేరుగా హాట్ 100 మొదటి స్థానానికి చేరింది. విడిపోకముందు వారి ఏ పాటకూ ఆ ఘనత దక్కలేదు.

అందరికీ ఇలా కలిసిరాదు. 2009లో విడిపోయిన బ్రిటన్ బృందం ఒయాసిస్‌లోని గాలగర్ సోదరులు మళ్లీ కలిసి పర్యటించడానికి 16 ఏళ్లు పట్టింది. జోనస్ సోదరులకు మేలు చేసింది మధ్యలో ఎవరికివారు సంపాదించుకున్న గుర్తింపు. పూటగడవక కాక, ఇష్టపడి తిరిగొచ్చారు.

భారతీయ శ్రోతలకు ఈ కథలో మరో బంధుత్వమూ ఉంది. నిక్ 2018 డిసెంబరులో జోధ్‌పూర్‌లో నటి ప్రియాంక చోప్రాను వివాహమాడారు. 2024 జనవరిలో ముంబైలోని లొల్లాపలూజా వేదికపై బృందం తొలిసారి భారత్‌లో పాడినప్పుడు, ప్రేక్షకులు నిక్‌ను ‘జీజూ’ అని, అంటే బావగారూ అని, కేకలు వేసి పిలిచారు. ఇలాంటి బ్యాండ్ల విషయంలో శ్రోతలు పాటతోపాటు చుట్టరికాన్నీ ఇష్టపడతారు. 2025 ఆగస్టులో కొత్త ఆల్బమ్‌తో మళ్లీ పర్యటనకు బయలుదేరిన సోదరులకు ఆదరణ తెచ్చేదీ, తప్పుకోవడాన్ని కష్టం చేసేదీ ఆ చుట్టరికమే.