కోడ్‌ అందరిదీ... కొలువు ఎవరిది?

రోబోకి చూపునిచ్చే సాఫ్ట్‌వేర్‌ ఇప్పుడు ఉచితం. దాన్ని రాసినవాళ్లలో ఎందరో విద్యార్థులు. ప్రపంచమంతా దాన్ని వాడుకుంటోంది. అదే విద్యార్థి విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికి వెళ్తే మాత్రం, ‘పేపర్లెన్ని?’ అన్నదే మొదటి ప్రశ్న. ఆ లెక్క ఇప్పుడెలా మారుతోంది? అందులో మన పిల్లలకేముంది?

బల్లమీద ఓ గ్లాసు ఉంది. మూడేళ్ల పాప కూడా చెయ్యి చాచి ఇట్టే అందుకుంటుంది. అదే పని రోబో చెయ్యాలంటే? దాని కెమెరాకు గ్లాసు కనిపించదు, అంకెలు కనిపిస్తాయి. అడ్డంగా 640, నిలువుగా 480 చుక్కలుండే మామూలు బొమ్మలో మొత్తం 3,07,200 చుక్కలు. ఒక్కో చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం... మూడేసి అంకెలు. అంటే తొమ్మిది లక్షల పైచిలుకు. సెకనుకు 30 బొమ్మలొస్తే రెండు కోట్ల డెబ్భై ఆరు లక్షల అంకెలు! ఆ కుప్పలోంచి గ్లాసు అంచు ఏదో, దాని నీడ ఏదో, అది ఎంత దూరంలో ఉందో తేల్చాలి. అందుకు బొమ్మను శుభ్రంచేసి, అంచులు పట్టి, ఆకారాలు విడదీసే పనే ఇమేజ్‌ ప్రాసెసింగ్‌.

ఒకప్పుడు రోబోలమీద పరిశోధన చేద్దామని చేరిన విద్యార్థి ఈ పనులన్నిటికీ సొంతంగా ప్రోగ్రాములు రాసుకోవాల్సివచ్చేది. అసలు ఆలోచన దగ్గరికి వచ్చేసరికే పుణ్యకాలం కాస్తా గడిచిపోయేది.

సీనియర్ల నోట్సు లాగే...

1990ల చివర్లో గ్యారీ బ్రాడ్‌స్కీ అనే ఇంటెల్‌ ఉద్యోగి విశ్వవిద్యాలయాలన్నీ తిరుగుతూ ఓ సంగతి గమనించాడు. ఎంఐటీ మీడియా ల్యాబ్‌ లాంటి కొన్నిచోట్ల సీనియర్లు రాసిన కోడ్‌ జూనియర్లకు అందుతోంది. మన హాస్టళ్లలో పరీక్షల నోట్సు చేతులు మారినట్టన్నమాట. కొత్తగా చేరినవాళ్లు సున్నా నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. అంతకుముందువాళ్లు ఆపినచోట అందుకుంటే చాలు.

ఆ వీలు పెద్ద ల్యాబుల్లో సీటొచ్చినవాళ్లకేనా? అందరికీ ఎందుకివ్వకూడదు... అనుకున్నాడు బ్రాడ్‌స్కీ. అలా 1999లో మొదలైందే ‘ఓపెన్‌సీవీ’. రష్యాలోని నిజ్నీ నొవ్‌గొరొద్‌లో ఉన్న ఇంటెల్‌ నిపుణులు వాదిమ్‌ పిసరెవ్‌స్కీ ఆధ్వర్యంలో ఎక్కువ భాగం రాశారు. తొలి ప్రయోగాత్మక రూపం 2000లో బయటికొచ్చింది. 1.0 వెర్షన్‌ 2006లో వచ్చింది. ఇంటెల్‌కి ఏమిటి లాభమంటారా? బొమ్మల లెక్కలు చేసేవాళ్లు పెరిగితే వేగంగా పనిచేసే చిప్‌లూ ఎక్కువ అమ్ముడవుతాయి. వ్యాపారం ఎలా ఉన్నా, మేలు జరిగింది మాత్రం విద్యార్థులకే. ఇప్పుడందులో 2,500కి పైగా అల్గారిథమ్‌లు ఉన్నాయి. ఎవరైనా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్మే వస్తువులోనూ వాడుకోవచ్చు.

దాని విలువ తెలియాలంటే చదరంగం గళ్ల కాగితం కథ వినాలి. కెమెరా కటకం గీతల్ని కాస్త వంచి చూపిస్తుంది. ఆ వంపు ఎంతో తెలియకపోతే రోబో చెయ్యి గ్లాసు పక్కన గాలిని పట్టుకుంటుంది. జెంగ్‌యూ జాంగ్‌ అనే శాస్త్రవేత్త 2000లో ప్రచురించిన పద్ధతిలో దీనికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. గళ్లు అచ్చువేసిన కాగితాన్ని ఓ అట్టకు అంటించి, నాలుగైదు వైపుల నుంచి ఫొటోలు తీస్తే చాలు... వంపు లెక్కతేలిపోతుంది. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో జాన్‌-ఈవ్‌ బూగే కెమెరాల్ని సరిచూసే ఇలాంటి పనిముట్లనే తయారుచేసి అందరికీ పంచిపెట్టాడు. ఓపెన్‌సీవీలోనూ ఆ సదుపాయం చేరింది. ఈరోజు అదే పనిని అమెరికాలో పరిశోధకుడైనా, మన దగ్గర ఓ చిన్న ఊరి ఇంజినీరింగ్‌ కాలేజీ విద్యార్థయినా అదే కాగితంతో, అదే కోడ్‌తో చేస్తారు.

ఎడారి దాటిన చూపు

2004 మార్చిలో అమెరికా రక్షణశాఖకు చెందిన డార్పా, డ్రైవర్‌ లేని కార్లకు ఎడారిలో పోటీ పెట్టింది. ఒక్కటీ గమ్యం చేరలేదు. అన్నిటికన్నా ముందుకెళ్లిన కారు కూడా 12 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయింది. మరుసటేడు అక్టోబరులో మళ్లీ పోటీ. ఈసారి అయిదు వాహనాలు 212 కిలోమీటర్లూ పూర్తిచేశాయి. సెబాస్టియన్‌ త్రన్‌ నాయకత్వంలో స్టాన్‌ఫర్డ్‌ బృందం తయారుచేసిన ‘స్టాన్లీ’ ఏడు గంటల లోపే వచ్చి 20 లక్షల డాలర్ల బహుమతి గెలుచుకుంది. దాని చూపు సంగతి చూసుకున్న బృందాన్ని కూడగట్టింది బ్రాడ్‌స్కీయే. ఓపెన్‌సీవీ అందులో పనిచేసింది.

పంచుకునే అలవాటు చూపుతో ఆగలేదు. స్టాన్‌ఫర్డ్‌లోనే పిహెచ్‌డీ చేస్తున్న ఎరిక్‌ బెర్గర్‌, కీనన్‌ వైరోబెక్‌లకు కూడా ఇదే చికాకు. తోటి విద్యార్థులంతా ఎవరికివాళ్లు చక్రాన్ని మళ్లీ చెక్కుకుంటున్నారు! రోబోలన్నిటికీ పనికొచ్చే ఉమ్మడి సాఫ్ట్‌వేర్‌ కావాలని వాళ్లు మొదలుపెట్టిన ప్రయత్నమే తర్వాత ‘రాస్‌’ అయింది. విల్లో గ్యారేజ్‌ అనే సంస్థ దాన్ని చేరదీసింది. ఓపెన్‌సీవీకీ 2008 నుంచి ఆసరాగా నిలిచింది. 2010లో 11 పరిశోధన సంస్థలకు పీఆర్‌2 రోబోలను ఉచితంగా ఇచ్చింది కూడా. ఒక్కోటీ నాలుగు లక్షల డాలర్ల ఖరీదు. షరతు ఒక్కటే... కనిపెట్టింది నలుగురికీ పంచాలి. విల్లో గ్యారేజ్‌ 2014లో మూతపడింది. పంచిన కోడ్‌ మాత్రం ఆగలేదు!

మరి రాసినవాళ్ల సంగతి?

ఇక్కడే ఉంది చిక్కు. విశ్వవిద్యాలయంలో అధ్యాపకుణ్ని ఎంపిక చేసేవాళ్లు ఏళ్ల తరబడి చూసింది పరిశోధన పత్రాలనే. ఎన్ని రాశాడు, ఎక్కడ అచ్చయ్యాయి, వాటిని ఎందరు ప్రస్తావించారు... అదీ లెక్క. ఒక కుర్రాడు రెండేళ్లు కూర్చుని వేలమందికి పనికొచ్చే పనిముట్టు తయారుచేశాడనుకోండి. దానికో వాడుక పుస్తకం రాశాడు, తప్పులు దిద్దాడు, ఎవరు ఏ సందేహం అడిగినా జవాబిచ్చాడు. ఆ రెండేళ్లూ అతని బయోడేటాలో ఖాళీగానే కనిపించేవి. ఆ పనిముట్టు వాడుకుని నాలుగు పత్రాలు రాసిన పక్క కుర్రాడికి ఉద్యోగం వచ్చేది. చెరువు తవ్వినవాడొకడు, చేపలు పట్టినవాడొకడు!

ఇలాంటివాళ్లను కంపెనీలు ఊరికే వదులుతాయా? రోబోటిక్స్‌లో పేరున్న కార్నెగీ మెలన్‌ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం నుంచి 2015లో దాదాపు 40 మందిని ఉబర్‌ ఒక్కసారే తీసుకెళ్లింది. జీతాలు పెరిగాయి, బాగానే ఉంది. కానీ పాఠం చెప్పేవాళ్లు వెళ్లిపోతే తర్వాతి తరానికి నేర్పేదెవరు?

ఆ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్‌ సంస్థకు 1979లో తొలి డైరెక్టరు మన తెలుగువాడే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డి. 1994లో ట్యూరింగ్‌ అవార్డు అందుకున్న ఆయన గతంలో హైదరాబాద్‌ ట్రిపుల్‌ఐటీ పాలకమండలికీ అధ్యక్షుడిగా పనిచేశారు.

ఇప్పుడిప్పుడే గాలి మళ్లుతోంది. పరిశోధకుణ్ని బేరీజు వేసేటప్పుడు సాఫ్ట్‌వేర్‌నీ లెక్కలోకి తీసుకోవాలని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకున్న ప్రకటన కోరింది. అదే ఏడాది బ్రిటన్‌లో ‘రీసెర్చ్‌ సాఫ్ట్‌వేర్‌ ఇంజినీర్‌’ అన్న హోదాకు పేరు పెట్టారు. 2016 నుంచి ఉచిత సాఫ్ట్‌వేర్‌నే పరిశోధన పత్రంగా స్వీకరించే జర్నల్‌ కూడా ఉంది. దక్షిణాఫ్రికాలో 2009లో ‘సైకిట్‌-ఇమేజ్‌’ అనే పనిముట్ల పెట్టెకు శ్రీకారం చుట్టిన స్టెఫాన్‌ వాన్‌ డర్‌ వాల్ట్‌ తర్వాత అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడయ్యాడు. స్పెయిన్‌లోని జరగోజాలో రౌల్‌ మూర్‌-అర్తాల్‌ ఒక్క కెమెరాతో దారి గుర్తుపట్టే ‘ఆర్బ్‌-స్లామ్‌’ను బృందంతో కలిసి రూపొందించాడు. పత్రంతోపాటు కోడ్‌నీ బయటపెట్టారు. ఆ పత్రానికి ప్రముఖ రోబోటిక్స్‌ జర్నల్‌ 2015కి ఉత్తమ పత్రం అవార్డు ఇచ్చింది.

మన ఇంట్లో మాట

‘క్యాంపస్‌లో ఉద్యోగం వదులుకుని ఈ పరిశోధన ఏమిట్రా?’ అనే తల్లిదండ్రుల బెంగ అర్థంచేసుకోదగిందే. అంకెలే చూద్దాం. 2023 జనవరి నుంచి పెరిగిన లెక్క ప్రకారం జూనియర్‌ రీసెర్చ్‌ ఫెలోకి నెలకు రూ.37,000, సీనియర్‌ అయ్యాక రూ.42,000. ఇంటి అద్దె భత్యం అదనం. ఏడో వేతన సవరణ ప్రకారం యూజీసీ స్కేలులో అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌ తొలి మూలవేతనం రూ.57,700. ఐఐటీల్లో గ్రేడ్‌-1 అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌కి రూ.1,01,500. అయితే ఈ చివరి మెట్టు ఎక్కాలంటే పిహెచ్‌డీ తర్వాత కనీసం మూడేళ్ల అనుభవం కావాలి. అంటే డిగ్రీ అయ్యాక ఎనిమిది, తొమ్మిదేళ్ల ఓపిక. మధ్యలో చేసే ప్రాజెక్టు ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టువే. ఇదంతా దాచకుండా ముందే మాట్లాడుకుంటే ఇంటిల్లిపాదికీ మంచిది.

ఆసక్తి ఉన్న పిల్లలు మాత్రం ఐఐటీ సీటు రాలేదని ఆగనక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్‌, వెబ్‌ కెమెరా, గళ్ల కాగితం చాలు. ఎన్‌పీటెల్‌లో కంప్యూటర్‌ విజన్‌ పాఠాలు ఉచితం. ఐఐటీ బాంబే నడిపే ఈ-యంత్ర పోటీలున్నాయి. హైదరాబాద్‌లోనే ట్రిపుల్‌ఐటీలో రోబోటిక్స్‌ పరిశోధన కేంద్రం ఉంది. ఐఐటీలో డ్రైవర్‌ లేని వాహనాలమీద పనిచేసే ‘తిహాన్‌’ ఉంది. ఇంటర్న్‌షిప్‌లు, ప్రాజెక్టు పోస్టుల ప్రకటనలు వాటి సైట్లలో చూస్తుండాలి.

ఒక్క జాగ్రత్త. చేతికందిన కోడ్‌ను పిలిచి పని కానిచ్చేయడం తేలికే. ఇంటర్వ్యూలో ‘ఆ ఒక్క లైను లోపల జరుగుతున్నదేమిటి?’ అనడిగితే బోర్డు మీద లెక్క చేసి చూపించగలగాలి. అందుకే వాడే ప్రతి పనిముట్టునూ ఓసారి విప్పి చూడాలి. అందులో ఓ తప్పు కనిపిస్తే దిద్ది పంపాలి. అది ఆమోదం పొందితే, దిద్దినవాళ్ల పేరు ఆ పనిముట్టు చరిత్రలో తేదీతో సహా నమోదై ఉంటుంది. ఉద్యోగానికి దరఖాస్తు చేసే రోజున ఏ కాలేజీ అని అడిగేవాళ్లకు, ఆ పేజీ తెరిచి చూపిస్తే చాలు.