గడపకు నీరు ఎన్ని అడుగులకు వస్తుంది?

జూలై, ఆగస్టు నెలలు వచ్చాయంటే గోదావరి తీర గ్రామాల ప్రజలు భద్రాచలం కబురు కోసం చెవులు రిక్కించి కూర్చుంటారు. అక్కడ నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి చేరితే రెండవది, 53కి చేరితే మూడవది. 2022 జూలైలో ఆ మట్టం 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరదను మాత్రం నేటికీ ఏ వరదా మించలేదు.

అయితే ఈ అంకె నదికి సంబంధించినదే గాని మన ఇంటికి సంబంధించినది కాదు. "భద్రాచలంలో ఎన్ని అడుగులుంటే మీ గడపకు నీరు వస్తుంది?" అని ఏటిగట్టు ఊళ్ళలో మేము అడిగి చూశాము. వృద్ధులు 1986 నాటి సంగతులు చెబుతారు, నడివయసువారు 2022 నాటి సంగతులు చెబుతారు. అంకె చెప్పగలిగినవారు అరుదు. "అప్పుడే రాలేదు, ఇప్పుడేం వస్తుందిలెండి" అనే మాటే ఎక్కువగా వినిపించింది. దీనిని ధైర్యం అనలేము. ఈ నలభై ఏళ్ళలో రోడ్ల ఎత్తు పెరిగింది, వాగులకు అడ్డంగా కట్టడాలు లేచాయి, పల్లపు భూములలో ఇళ్ళు వెలిశాయి. నీరు పాత దారినే వస్తుందని ఎవరు హామీ ఇవ్వగలరు?

దీనికి పరిష్కారం ఒక రంగు డబ్బా ఖర్చుతో సరిపోతుంది. వరద తీసిన వెంటనే, బురద చార ఆరకముందే, మసీదు గోడపైనో బడి గోడపైనో నీరు నిలిచిన ఎత్తున ఒక గీత గీసి, పక్కన తేదీని, ఆనాటి భద్రాచలం నీటిమట్టాన్ని రాయాలి. ఏ వీధికి ఎన్ని అడుగుల వద్ద నీరు వచ్చిందో ఒక పుస్తకంలో నమోదు చేయాలి. మరుసటి ఏడు మైకులో "రెండవ హెచ్చరిక జారీ అయింది" అని చెప్పి ఊరుకోకుండా, "కింది వీధివారు ఈ రాత్రికే బయలుదేరండి" అని చెప్పగలుగుతాము. ఆ పిలుపు ఊరందరి కోసం. నీటికి మతం లేనప్పుడు మన మైకుకు మాత్రం ఎందుకుండాలి?

గోదావరి కొంత వ్యవధి ఇచ్చే నది. మున్నేరు, ఆకేరు వంటి ఏరులు అంత వ్యవధి ఇవ్వవు. 2024 ఆగస్టు 31 రాత్రి మహబూబాబాద్ ప్రాంతంలో కుండపోతగా కురిసిన వాన, తెల్లవారేసరికి ఖమ్మంలోని మున్నేరు తీరపు ఇళ్ళను ముంచెత్తింది. ఆనాడు ప్రకాశ్ నగర్ వంతెనపై చిక్కుకున్న తొమ్మిది మందిని, హర్యానా నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన ఒక ముస్లిం జేసీబీ డ్రైవరు ప్రాణాలకు తెగించి కాపాడాడు. ఆ సాహసానికి శిరస్సు వంచి నమస్కరిస్తున్నాము. కాని ఒక మనిషి తెగువ ఊరికి ప్రణాళిక కాజాలదు. వాగుల పక్కన నివసించేవారు హెచ్చరిక కోసం ఎదురుచూడక, ఎగువన భారీవాన పడుతున్నదన్న వార్త వినగానే కదలాలి.

ఇక కాగితాల సంగతి. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి, వరద నష్టాల జాబితాలు మా చేతులతోనే రాసినందున, ఈ విషయం కొంత గట్టిగానే చెప్పవలసి ఉన్నది. వరద ఇంటిని ఒకసారి ముంచుతుంది, జాబితాలో పేరు లేకపోవడం రెండవసారి ముంచుతుంది. ఆధార్‌లో "షేక్ మస్తాన్ బీ", రేషన్ కార్డులో "మస్తానమ్మ", బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు లేని మరొక రూపం. మన పల్లెల్లో ఇది ఇంటింటి కథ. ఊరివారందరికీ ఆమె ఒక్కరేనని తెలుసు, లెక్క రాసే బల్లకు మాత్రం ముగ్గురు. ఒకే కప్పు కింద అన్నదమ్ములవి రెండు పొయ్యిలుంటాయి, కార్డు మాత్రం ఒకటే. అద్దె కొట్టులో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీకి, అద్దె ఇంట్లో ఉండే కూలీకి తమ నష్టాన్ని చూపే కాగితమే ఉండదు. గోడ కూలితే పేరు యజమానిది, మిషను తుప్పుపడితే ఆ నష్టం ఎవరి ఖాతాలోనూ పడదు.

అందుచేత వరద సన్నాహం ఎండాకాలంలో, మీసేవ కేంద్రం వద్దనే మొదలు కావాలి. ఇంటిల్లిపాది పేర్లూ అన్ని పత్రాలలోనూ ఒకే విధంగా ఉండేటట్లు సరిచేయించుకోవాలి. పట్టాదారు పాసు పుస్తకం, రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల మార్కుల పత్రాలు, నికాహ్‌నామా, అద్దె రసీదులు ఒకే ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, చేతికందే ఎత్తున ఉంచాలి. వాటి ఫోటోలు పట్నంలో ఉన్న బంధువు ఫోనులో కూడా ఉండాలి. ఇల్లు, పశువులు, కుట్టుమిషను, తోపుడు బండి వంటి జీవనాధారాలకు వాన రాకముందే ఫోటోలు తీసి దాచుకోవాలి.

కాగితాల కంటే ముందు మనుషులు. మంచం పట్టిన తాతను ఎవరు మోస్తారు? నిండు చూలాలిని ఏ ఊరికి ముందుగా పంపుతారు? షుగరు, బి.పి. మాత్రలు ఎవరి సంచిలో ఉంటాయి? మెయిన్ స్విచ్ ఎవరు ఆపుతారు? పశువుల పలుపులు ఎవరు విప్పుతారు? ఈ ప్రశ్నలకు జవాబులు అర్ధరాత్రి, మోకాలి లోతు నీటిలో వెదికేవి కావు. పునరావాస కేంద్రంలో మరుగుదొడ్డి, స్నానాల గది, చాటు లేవన్న సంకోచంతో ఇల్లు కదలని స్త్రీలను మేము చూశాము. వారిని మొండివారని నిందించడం అన్యాయం. ఆ వసతులను ముందుగా చూసి, లేకపోతే అధికారులను అడగవలసిన బాధ్యత మన పెద్దలది. ఆ పరిశీలనకు స్త్రీలనే తీసుకువెళ్ళాలి.

"అంతా అల్లాహ్ రాత" అని చేతులు ముడుచుకునేవారికి ఒక మాట. ఒంటెను కట్టివేసి ఆపై భారం ఆయనపై వేయాలన్నదే మనకు అందిన బోధ.

చట్టం కూడా మన పక్షాన ఉన్నది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షను, సహాయ శిబిరాలలో వసతి, ఆహారం, తాగునీరు, వైద్యం, పారిశుద్ధ్యాలకు కనీస ప్రమాణాలను నిర్దేశించాలంటున్నది. వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు ఉండాలంటున్నది. 61వ సెక్షను మరింత స్పష్టం. పరిహారంలోను, సహాయంలోను స్త్రీపురుష భేదం గాని, కులం, సమాజం, వంశం, మతం ఆధారంగా వివక్ష గాని ఉండరాదు. అదే ఏడాది వచ్చిన సమాచార హక్కు చట్టం ప్రకారం నష్టాల జాబితాను అడిగి చూడవచ్చు. ఈ హక్కులను నినాదంగా వాడితే చప్పుడే మిగులుతుంది, దరఖాస్తుగా వాడితే రసీదు చేతికి వస్తుంది. ఆ రసీదుకున్న విలువ మాకు బల్లకు అవతలివైపు కూర్చున్న రోజులలోనే తెలిసింది.

చివరగా మన దానశీలత గురించి. వరద వచ్చిందనగానే మన యువకులు బిర్యానీ పొట్లాలు, దుప్పట్లు, నీళ్ళ సీసాలు మోసుకుని పరుగెత్తుతారు. ఆ సేవను మేము ఎన్నడూ తక్కువ చేయము, మేమూ ఆ పొట్లాలు కట్టినవారమే. కాని వరద తరువాత పెట్టే ఖర్చులో ఒక్క వాటా ముందుగా పెట్టగలిగితే, ఒక పడవ తాడు, రెండు టార్చిలైట్లు, లైఫ్ జాకెట్లు, మైకుకు ఒక బ్యాటరీ, పేదల పేర్లు సరిచేయించడానికి ఒక చదువుకున్న కుర్రవాడి దారి ఖర్చులు సమకూరుతాయి. వీటికి ఫోటోలు రావు, పత్రికలలో వార్తలూ రావు. అందుకే ఈ పని ఎవరికీ పట్టదు.

వచ్చే శుక్రవారం నమాజు ముగిశాక, లేచిపోయే ముందు, ఊరి పెద్దలు పది నిమిషాలు ఆగి పక్కవారిని ఒక్క ప్రశ్న అడగాలని మా మనవి. మీ గడపకు నీరు ఎన్ని అడుగులకు వస్తుంది? తెలియదన్న ఇంటి నుంచే పని మొదలుపెట్టండి.